అరాలి ఫైలులో కుక్క

చెంజోజో,
మార్చి, వానల మొదలు

అకీకికి,

మీ బావ తిబామ్వెండా రాసేది. ముందుగా గమనించు, నిన్ను ఎంపాకోతో, అకీకి అని పిలిచాను. కుసెమెరెర్వా అని రాయలేదు. కన్నవాళ్ళు పెట్టిన పేరు పోలీసులకూ పన్నులవాళ్ళకూ, ఎంపాకో మర్యాదకు. మన తోరో గడ్డ మీద ఎదుటివాడి ఎంపాకో అడిగి తెలుసుకోకుండా నోరు తెరిచినవాణ్ణి ఎవరూ మనిషిగా లెక్కెయ్యరు. ఇది నీకు తెలియనిది కాదు. కానీ ఆ ల్యాబులో పెద్ద కుర్చీ ఎక్కాక నువ్వు ఉత్తరాలను 'సంబంధిత వ్యక్తికి' అని మొదలుపెడుతున్నావని విన్నాను కనక గుర్తుచేస్తున్నాను.

విషయం ఏమిటంటే, నాకు ఆడదూడ పుట్టింది. అంటే నా ఆవుకు. కాదు, తన ఆవుకు పుట్టిందని పక్క దొడ్డి ముగెన్యి అంటున్నాడు.

మొన్న మధ్యాహ్నం వడగళ్ళవాన పడింది. పిడుగుకు బెదిరి నా ఆవూ అతని ఆవూ కంచె తెంపుకొని అరటితోటలో దూరాయి. రెండూ నిండుచూలివి. రెండూ ముదురెరుపే, మనం బిహోగో అనే రంగు. వాన వెలిశాక వెళ్ళి చూస్తే రెండు ఆవులు, రెండు దూడలు. ఒకటి ఆడది, ఒకటి మగది. ఏ దూడ మూతికి ఏ పొదుగు అందితే అదే దానికి తల్లి. ఆవులు కూడా తక్కువ తినలేదు, రెండూ రెండింటినీ నాకుతూ నిలబడ్డాయి.

నా బిహోగోకు ఇది ఆఖరి చూలు. మా పెళ్ళికి మా నాన్న ఇచ్చిన ఆవు వంశంలో మిగిలింది అదొక్కటే. ఆడదూడ నాదని తేలితే ఆ వంశం నా దొడ్డిలో నిలుస్తుంది. తేలకపోతే నాతోనే ముగుస్తుంది.

ముగెన్యి నాతో మాట్లాడి నాలుగేళ్ళయింది. అతని యూకలిప్టస్ చెట్లు నా బావి నీళ్ళు తాగేస్తున్నాయని ఊరి సభలో రుజువులతో సహా చెప్పాను. రుజువులు చూపిస్తే మనుషులు ఇలాగే శత్రువులవుతారు, చరిత్ర నిండా అదే. దరిద్రం ఏమిటంటే అతని ఎంపాకో కూడా అరాలియే. నా ఎంపాకోను ఆ నోటితో, ఆ మొహంతో పంచుకోవలసి వచ్చింది.

కౌన్సిల్ ఛైర్మన్ బుసింగే తీర్పు చెప్పాడు. డీఎన్‌ఏ చదివించాలి, మీ ల్యాబు ఏ దూడ ఎవరిదంటే వాళ్ళది. అందాకా ఆడదూడ నా దొడ్డిలో, మగదూడ అతని దొడ్డిలో. నాలుగింటి తోక వెంట్రుకలూ కుదుళ్ళతో సహా పీకి, వేరువేరు కవర్లలో పెట్టి, వ్యాను డ్రైవరు చేత పంపుతున్నాను.

ఫైళ్ళ పేర్లు నేను ఆ ల్యాబుకు పెద్దగా ఉన్నప్పుడు పెట్టిన పద్ధతిలోనే రాయించు. ముందు యజమాని ఎంపాకో, తరవాత అతని పేరు, తరవాత పశువు రంగు, చివర ఊరు. మధ్యమధ్య కింద గీత, అదే అండర్‌స్కోరు. ఆ పద్ధతి పెట్టిననాడు కంపాలా నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి పగలబడి నవ్వాడు. ఆయన ఇప్పుడు కోళ్ళు పెంచుకుంటున్నాడు. పద్ధతి నిలిచింది.

మీ బావ,
అరాలి

చెల్లీ, ఆడదూడకు చలి వేస్తుందని ఈయన దుప్పటి కప్పుతున్నారు. నా దుప్పటి. - అబ్వోలి అక్క


ఫోర్ట్ పోర్టల్,
మార్చి

అరాలి బావగారికి,

నమస్కారాలు. కవర్లు అందాయి. ఒక కవర్లో వెంట్రుకలతో పాటు బీన్స్ గింజ కూడా వచ్చింది. అది ఆధారమా, పొరపాటా? పొరపాటే అనుకొని పక్కన పెట్టాను.

'సంబంధిత వ్యక్తికి' అని రాసేది కరెంటు ఆఫీసుకు బావా. వాళ్ళ ఎంపాకో అడిగే ధైర్యం నాకు లేదు.

మీ తరవాత ముగ్గురు పెద్దలు మారారు కాని, మీ పేర్ల పద్ధతి మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ రాలేదు. నాకు మాత్రం దాని మీద ఒక అనుమానం ఉంది. కొత్త యంత్రం వచ్చింది, దాంతో పాటు ఫైళ్ళను సర్దే కొత్త ప్రోగ్రామూ వచ్చింది. దానికి మన మర్యాదలు ఎంతవరకు తెలుసో నేనింకా చూడలేదు. చూస్తాను. ఈలోగా మీ కవర్లు వరసలో పెట్టించాను. ఫలితం కాగితం నేరుగా ఛైర్మన్‌గారికే వెళుతుంది. మీకు ముందుగా చెప్పమని మాత్రం అడగకండి, మిమ్మల్ని నాకు తెలుసు.

అక్కకు దుప్పటి పంపుతున్నాను. అది అక్కకు. దూడకు కాదు.

మీ మరదలు,
అకీకి


చెంజోజో,
ఏప్రిల్

అకీకికి,

నీ ఫలితం వచ్చింది. నా తల తీసి ఊరి మధ్యలో పెట్టింది.

మామిడిచెట్టు కింద ఊరంతా కూర్చుంది. ఛైర్మన్ కళ్ళజోడు తుడుచుకొని, "అరాలీ, అరాలీ, ఇద్దరూ దగ్గరికి రండి" అన్నాడు. వెళ్ళాం, మధ్యలో ఒక పశువు పట్టేంత ఎడం వదిలి నిలబడ్డాం. కాగితం చదివాడు. ఆగాడు. మళ్ళీ చదివాడు. కాగితం తిప్పి వెనక చూశాడు.

"ఇందులో ఏముందంటే... నాలుగూ కుక్కలట," అన్నాడు.

మళ్ళీ కాగితంలోకి వంగాడు.

"కాదు కాదు, ఉండండి. నాలుగూ కలిపి ఒక కుక్కట. మగకుక్క. ఆరోగ్యంగా ఉందట."

వెనక నుంచి ఎవరో అడిగారు, "మరి పొద్దున్నే పాలు ఏం పిండుతున్నారయ్యా వీళ్ళు?"

నాలుగేళ్ళుగా నాతో మాట్లాడని ముగెన్యి అప్పుడు కూడా నాతో మాట్లాడలేదు. ఛైర్మన్ వైపు తిరిగి, "ఆయన ఆవు కుక్క అయితే కావచ్చండీ. పుస్తకాలు చదివేవాళ్ళ కొంపలో ఏదైనా జరుగుతుంది. నా ఆవు మాత్రం ఆవే," అన్నాడు.

నేనూ ఛైర్మన్‌కే చెప్పాను. "కాగితం సరిగ్గా వినమనండి. నా కుక్కా ఆయన కుక్కా ఒకటే అని రాశారు. మొరిగితే ఇద్దరి దొడ్డిలోనూ మొరగాలి."

ఛైర్మన్‌కు ఇంకో అనుమానం వచ్చింది. "మగకుక్క అంటున్నారు కదా, మరి ఈనింది ఎవరు?" అని సభను అడిగాడు. నిజంగానే అడిగాడు, వెక్కిరింపు కాదు. ఆ మనిషికి మనం ఓట్లు వేశాం.

ఇప్పుడు నేను దారిన పోతుంటే ఆడవాళ్ళు కూడా కొంగు అడ్డం పెట్టుకొని మెల్లిగా భౌ అంటున్నారు. రోము నగరం తగలబడిన కథ చదివాను, గొప్ప గొప్ప రాజ్యాలు కూలిన కథలు చదివాను. ఏ రాజ్యమూ ఇంత చవకగా కూలలేదు.

సంజాయిషీ కావాలి. తిరుగు వ్యానులో కావాలి.

అరాలి

చెల్లీ, నిజం చెప్పు, నవ్వావా? నేను అన్నం గిన్నె కింద పెట్టి మరీ నవ్వాను. - అబ్వోలి అక్క


ఫోర్ట్ పోర్టల్,
ఏప్రిల్

అరాలి బావగారికి,

నవ్వాను. అక్కకు చెప్పండి. తలుపు వేసుకొని నవ్వాను. తలుపు తీసేసరికి బయట మా కబసోమి కూడా నవ్వుతోంది. యంత్రం దగ్గర పనిచేసే పిల్ల, మంచి పనిమంతురాలు. తప్పు ఎక్కడుందో పట్టింది తనే.

సంజాయిషీ ఇదిగో. ఆ కొత్త ప్రోగ్రాము ఫైలు పేరును మొదటి కింద గీత దాకానే చదువుతుంది. ఆ తరవాతదంతా దానికి పొట్టు. 'అరాలి' తరవాత గీత, 'తిబామ్వెండా' తరవాత గీత, 'బిహోగో' తరవాత గీత, ఊరు. మీరు ఎంత వివరంగా రాసినా దానికి దక్కేది 'అరాలి' ఒక్కటే. అదే పేరుతో ఇంకో ఫైలు వస్తే పాతదాన్ని తీసి అవతల పారేసి, దాని చోట కొత్తదాన్ని కూర్చోబెడుతుంది.

ఇప్పుడు మన దేశం సంగతి ఆలోచించండి. తోరో మొత్తానికి ఎంపాకోలు ఒక డజను. రాజుగారికి మాత్రమే చెల్లేది తీసేస్తే ఒకటి తగ్గుతుంది. ఈ సంవత్సరం మా దగ్గరికి వందల నమూనాలు వచ్చాయి. ఆవులు, మేకలు, అరటి, కాఫీ, అన్నీ. ప్రోగ్రాము పని ముగించాక నాకు మిగిలినవి డజనుకు ఒకటి తక్కువ ఫైళ్ళు. ప్రతి ఫైలులోనూ చివర వచ్చినవాడే కూర్చున్నాడు. అరాలీలలో చివర వచ్చింది టీ తోట మేనేజరు అరాలిగారి వేటకుక్క. మీ ఆవు మీదా, ముగెన్యిగారి ఆవు మీదా, రెండు దూడల మీదా ఎక్కి కూర్చుంది ఆ కుక్కే. పేరు సింబా. బాగానే ఉంది, అడిగాను.

ఏడ్చేది మీరొక్కరే కాదు. ఒక అమూటిగారి కాఫీతోటకు గిట్టల జబ్బు లేదని ధ్రువపత్రం వెళ్ళింది. ఆయన దాన్ని పటం కట్టించుకున్నాడట.

ఇలాంటి తప్పు ప్రపంచంలో ఏ ల్యాబులోనూ జరగదు బావా. నమూనా వేసే గాజు గొట్టాన్ని కూడా పేరు పెట్టి పిలిస్తే మర్యాద కాదనుకొనే వాళ్ళం మనమే. కంపాలాలో నా స్నేహితురాలికి చెబితే గంటసేపు నమ్మలేదు.

అందుకని మీ పద్ధతి తీసేస్తున్నాను. ఇక మీదట ప్రతి నమూనాకు ఒక సంఖ్య. ఒక సంఖ్య ఒకసారే. దయచేసి మళ్ళీ వెంట్రుకలు పంపండి.

మీ మరదలు,
అకీకి


చెంజోజో,
మే

అకీకికి,

పంపను.

కారణాలు రాస్తున్నాను, కుర్చీలో సర్దుకొని కూర్చో.

సంఖ్య ఎవరికిస్తారు? ఖైదీకిస్తారు. మార్చురీలో శవం కాలికి కడతారు. వలసదొరలు మా తాతను పనికి తోలుకెళ్ళిన కూలీల్లో కలిపి మెడకు సంఖ్య బిళ్ళ కట్టారు. ఆయన చచ్చేదాకా ఆ సంఖ్య ఎవరికీ చెప్పలేదు. నా బిహోగో నేరం చెయ్యలేదు, చావలేదు, ఎవరికీ కూలికి పోలేదు.

రెండోది. నేను రిటైరైననాడు మీ ల్యాబు నాకు గోడగడియారం ఇచ్చింది. దాని మీద ఏం చెక్కించారు? 'టి. తిబామ్వెండా, సేవలకు గుర్తుగా.' ఎంపాకో లేదు! సమన్లు పంపినట్టు! జీవితమంతా ప్రతి మేకకూ మర్యాద చేసిన మనిషికి, పోయేటప్పుడు పొట్టి అక్షరం, చుక్క. ఆ గడియారం నేను కోళ్ళగూటిలో పెట్టాను. ఆలస్యంగా నడుస్తుంది, కోళ్ళు పట్టించుకోవు.

మూడోది. తప్పు చేసింది ప్రోగ్రాము. మొత్తం పేరు చదివే ఓపిక లేనిది అది. సగం మాట విని లేచిపోయేవాణ్ణి మనం మర్యాద లేనివాడంటాం, చెవులు పిండుతాం. వాడి సౌకర్యం కోసం మన పేర్లు కత్తిరించుకోం. కంప్యూటరు చేస్తే మాత్రం దాన్ని అభివృద్ధి అంటారు కాబోలు.

ఛైర్మన్ మాత్రం కొత్త బెదిరింపు పెట్టాడు. వానలు తగ్గి ఎండలు మొదలయ్యేలోగా తేలకపోతే ఆడదూడను 'కౌన్సిల్ సంరక్షణ'లోకి తీసుకుంటాడట. ఆ సంరక్షణ సంగతి నీకు తెలియదు. కిందటేడు రెండు మేకలు అందులోకి వెళ్ళాయి. స్వాతంత్ర్య దినోత్సవం నాడు ఊరందరికీ భోజనం పెట్టాడు. మేకల సంగతి మళ్ళీ ఎవరూ అడగలేదు, బాగా వండారు కనక.

అయినా పంపను.

అరాలి

చెల్లీ, ఈయన రాయనిది నేను రాస్తున్నాను. నిన్న సభలో సంఖ్య మాట వినగానే ముగెన్యి లేచి, "నా ఆవుకు నంబరేమిటండీ, అదేమన్నా బస్సా?" అని అరిచాడు. ఈయన అదే క్షణంలో లేచి, "ఎంత మాత్రం ఒప్పుకోం!" అన్నారు. 'కోం' అని. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకొని, ఏదో చెడ్డ పని చేస్తూ దొరికిపోయినట్టు కూర్చున్నారు. దూడ మాత్రం ఈయన గొంతు వింటే చాలు పరిగెత్తుకొస్తోంది. ఛైర్మన్ తీసుకుపోతే ఈ మనిషి తట్టుకోలేరు. ఏదో ఒకటి చెయ్యి. - అబ్వోలి అక్క


ఫోర్ట్ పోర్టల్,
మే

అరాలి బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గడియారం సంగతి నాకు తెలియదు. అప్పుడు నేను చదువుల కోసం బయట ఉన్నాను. ఉంటే అలా చెక్కనిచ్చేదాన్ని కాదు.

నా మాట కూడా కొంచెం వినండి. సగంలో లేచిపోకండి.

ఎంపాకో చేసే పని వేరు, ఫైలు పేరు చేసే పని వేరు. ఎంపాకో ఎందుకు? మీరూ, ముగెన్యిగారూ, టీ తోట మేనేజరూ, అందరూ ఒకటే అని చెప్పడానికి. అందరినీ దగ్గర చెయ్యడానికే డజను పేర్లు పెట్టుకున్నారు మన పెద్దలు. ఫైలు పేరు ఎందుకు? ఎవరికి వారు వేరు అని చెప్పడానికి. దగ్గర చేసే పేరును విడదీసే పనికి పెట్టాం. ఆవునూ కుక్కనూ దగ్గర చేసి కూర్చోబెట్టింది, పాపం, అది తన పని తాను చేసింది.

కనక నా ప్రతిపాదన. ఫైలు మీద సంఖ్య ఉంటుంది. అది యంత్రం కోసం, దానికి అంతకంటే చేతకాదు కనక. ఆ సంఖ్య ఎదురుగా వేరే పట్టికలో ఎంపాకో, పేరు, రంగు, ఊరు, అన్నీ ఉంటాయి. మీరు కావాలంటే ముత్తాతల పేర్లు కూడా రాయిస్తాను.

ఇంకొకటి. దీనికి కబసోమి ఒప్పుకుంది, మొదట నవ్వినా ఒప్పుకుంది. ప్రతి గొట్టాన్నీ యంత్రంలో పెట్టే ముందు దాని యజమాని ఎంపాకోతో నోరారా పలకరిస్తుంది. "అరాలీ, రండి, కూర్చోండి." అప్పుడే లోపల పెడుతుంది. నిన్న ప్రయత్నించి చూశాం. అటెన్యిగారి అరటి ఆకును పలకరించేటప్పుడు ఆమెకు మోకాలు కూడా కొంచెం వంగింది, అలవాటుగా. ఎవరూ నవ్వలేదు. నిజానికి ఆ రోజంతా ల్యాబులో అందరూ కొంచెం మంచిగా మాట్లాడుకున్నారు.

ఎండలు దగ్గరపడుతున్నాయి బావా. దూడను మేకల దారి పట్టించకండి.

మీ మరదలు,
అకీకి


చెంజోజో,
మే చివర

అకీకికి,

వెంట్రుకలు పంపుతున్నాను. ముగెన్యి దొడ్డివి కూడా ఇందులోనే ఉన్నాయి. అతను కంచె మీద నుంచి విసిరాడు, నేను ఏరుకున్నాను. అంతకుమించి మా మధ్య ఏమీ జరగలేదు.

షరతులు. పలకరింపు స్పష్టంగా ఉండాలి, గొణగకూడదు. ఆడవాళ్ళు పెద్దవాళ్ళను పలకరించేటప్పుడు ఎలా వంగుతారో అలా వంగాలి. ముందు నా ఆవును పలకరించాలి. ముగెన్యి తన ఆవును ముందు పలకరించాలంటాడు, తను నాకంటే కొన్ని నెలలు పెద్దట. అతను పుట్టిన సంవత్సరం అతనికే సరిగ్గా తెలియదు. ఛైర్మన్ నాణెం ఎగరేశాడు. నాణెం పేడలో నిలువుగా దిగబడింది. కనక రెండు గొట్టాలనూ ఒకేసారి పలకరించమను. 'అరాలీ' అని ఒక్క మాటే కదా, ఇద్దరికీ సరిపోతుంది.

సంఖ్య నాకు చెప్పకు. ఎప్పటికీ చెప్పకు.

అరాలి


ఫోర్ట్ పోర్టల్,
జూన్

అరాలి బావగారికి,

ఇక్కడ వానలు తగ్గాయి. కొండ మీద మంచు కూడా పొద్దున్నే కనిపిస్తోంది. టీ తోటల్లో రెండో కోత మొదలయింది. మీరు కుశలమా? అక్క మోకాలినొప్పి ఎలా ఉంది?

ఇంక సాగదీయలేను. ఈసారి కాగితం ఛైర్మన్‌కు రేపు పంపుతాను. ఈ ఉత్తరం ఒక రోజు ముందు మీకు చేరాలని ఇవాళే వ్యానుకు ఇస్తున్నాను. రూలు ప్రకారం ఇది తప్పు. చేస్తున్నాను.

ఫైళ్ళు వేరువేరుగా వచ్చాయి. ఒకదాని మీద ఒకటి కూర్చోలేదు. రెండు సార్లు చదివించాను. మూడోసారి నేనే చదివాను.

ఆడదూడ ముగెన్యిగారి ఆవు బిడ్డ. మగదూడ మీ బిహోగో బిడ్డ.

ఫలితం ఇంకోలా కనపడుతుందేమోనని చాలాసేపు చూశాను బావా. లేదు.

కబసోమి పలకరించినప్పుడు రెండు గొట్టాలనూ రెండు చేతుల్లో పట్టుకొని వంగింది. మీరు చూసి ఉంటే ఒప్పుకొనేవారు.

మీ మరదలు,
అకీకి


చెంజోజో,
జూలై

అకీకికి,

ఇన్నాళ్ళూ రాయలేదు. కోపం వల్ల కాదు. కోపం ఉంటే ఆ రోజే రాసేవాణ్ణి, నా సంగతి నీకు తెలుసు.

నీ ఉత్తరం అందిన సాయంత్రం ఆడదూడను నేనే తోలుకెళ్ళాను. ఛైర్మన్ కాగితం చదివి, గొంతు సవరించుకొని, నలుగురిలో నా మొహం చూసి జాలిపడే దాకా ఆగలేదు. ఆ అవకాశం ఆ మనిషికి ఇస్తానా? కంచె దగ్గర నిలబడి, "ఇదిగో," అన్నాను. ముగెన్యి చూశాడు. "ఏమిటిది?" అన్నాడు. "నీది," అన్నాను. నాలుగేళ్ళ తరవాత మేం మాట్లాడుకున్నది అదీ. అతను మగదూడను ఇచ్చాడు. ఇద్దరం చెరో దూడా పట్టుకొని ఎవరి ఇంటికి వాళ్ళం పోయాం.

మర్నాడు నా బిహోగో మగదూడను కాలితో తన్నింది. దగ్గరికి రానివ్వదు. మన ఆవుల సంగతి తెలుసు కదా, తనది అనుకున్న దూడ మూతి తగలనిదే ఒక్క చుక్క పాలు విడవవు. ముగెన్యి ఆవు కూడా అంతే, ఆడదూడను కొమ్ముతో నెట్టేసింది. మీ యంత్రం చెప్పింది రక్తం గురించి. ఆవులకు ఆ కాగితం ఎవరూ చదివి వినిపించలేదు. ఇటు మీ అక్క ఖాళీ చెంబుతో నా మొహంలోకి చూస్తోంది, అటు అతని భార్య ఖాళీ చెంబుతో అతని మొహంలోకి చూస్తోంది. దూడలు రెండూ కంచెకు అటూ ఇటూ నిలబడి ఒకే గొంతుతో అరుస్తున్నాయి.

మూడో రోజు పొద్దున ముగెన్యి వచ్చాడు. కంచె దాటి కాదు, మనిషిలా గేటు నుంచి వచ్చాడు. గేటులోంచి వచ్చినవాణ్ణి పలకరించకుండా ఉండటానికి నేనేం యంత్రాన్నా? "అరాలీ," అన్నాను. "అరాలీ," అన్నాడు. నా ఎంపాకో నాకే తిరిగి వినపడింది. ఒళ్ళు మండింది.

దూడలను మళ్ళీ మార్చుకున్నాం. పాలు మానేదాకా ఆడదూడ నా దొడ్డిలో ఉంటుంది, కాని అతనిది. మగదూడ అతని దొడ్డిలో ఉంటుంది, కాని నాది. తన ఆస్తిని నేను సరిగ్గా మేపుతున్నానా లేదా చూసుకోవడానికి అతను రోజూ పొద్దున్నే వస్తున్నాడు. నేనూ వెళ్ళక తప్పడం లేదు, అతను నా దూడకు నాసిరకం గడ్డి వేస్తాడని నాకు గట్టి అనుమానం. వచ్చినవాడికి టీ ఇవ్వాలి. టీ ఇస్తే కూర్చుంటాడు. కూర్చుంటే మాట్లాడతాడు. యూకలిప్టస్ వేళ్ళు నీటి కోసం ఎంత దూరం పోతాయో నిన్న పుస్తకం తెరిచి చూపించాను. "పుస్తకం రాసినవాడికి చెట్లున్నాయా?" అని అడిగాడు. అంతటి మూర్ఖుడికి ఏం జవాబు చెప్పను? గంటసేపు చెప్పాను.

ఇక అసలు విషయం. మా నాన్న ఇచ్చిన ఆవు వంశం ఇప్పుడు ఆ మగదూడలో ఉంది. దాన్ని ఎవరితో జతకట్టాలి అని ఆలోచిస్తూ ఉంటే, ముగెన్యి తన ఆడదూడ గంగడోలు నిమురుతూ, తల ఎత్తకుండా, "ఏం వియ్యంకుడుగారూ, మా పిల్లకు ఉప్పు పెట్టారా?" అన్నాడు. డెబ్భై ఏళ్ళు బతికి, ఇన్ని పుస్తకాలు చదివి, చివరికి ఇతనితో వియ్యమందవలసి వచ్చింది. అప్పటి నుంచి ఊరంతా మమ్మల్ని వియ్యంకులనే అంటోంది. మొరగడం మాత్రం మానేశారు, అదొకటి ఒప్పుకోవాలి.

అందుకని ఒక సహాయం. మా ఊళ్ళో ఆంబోతులు రెండే. ఆ రెండు దూడలకూ తండ్రి ఒకడేనా, వేరువేరా, నీ ఫైళ్ళలో చూసి చెప్పు. ఒకడే అయితే అవి అన్నాచెల్లెళ్ళు, ఈ సంబంధం చెల్లదు. నాకు ఈ పీడ వదిలిపోతుంది. సంఖ్యలు నీ దగ్గర ఉన్నాయి, నన్ను అడగనక్కరలేదు. కబసోమి చేత మర్యాదగా తెరిపించు.

తొందరేమీ లేదు. తీరిక చూసుకొని చెప్పు.

అరాలి

చెల్లీ, జవాబు ఏదైనా సరే, సంబంధం కుదిరిందనే రాయి. పొద్దున్నే పోట్లాడుకోవడానికి వేరే మనిషి దొరికాక ఈ ఇంట్లో నేను నా టీ వేడిగా తాగుతున్నాను. - అబ్వోలి అక్క